వెనక్కి నడిచే అవ్వ

మొన్న ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర ఒక హమాలీ మిర్చి లారీకి దారి చూపిస్తూ, దాని ముందు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఒక చెయ్యి గాల్లో ఉంది, చూపంతా లారీ చక్రాల మీద ఉంది. తన వెనక ఏముందో ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. నేను స్కూటీ ఆపేసి అలాగే నిలబడిపోయాను. "మేడమ్, నడిరోడ్డు మీద నిద్రపోతాన్రా?" అని ఒక ఆటో ఆయన గదమాయించి పోయాడు. నిద్ర కాదు. అంత ఎండలో నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అంత నిబ్బరంగా వెనక్కి నడిచిన మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆమెను మట్టిలో పెట్టి రెండేళ్లవుతోంది.

ఆమె పేరు నాకు తెలియదు. కళ్లెదుట ఉన్నన్నాళ్లు అడగాలని తోచలేదు, పోయాక అడగడానికి మొహం చెల్లలేదు. మా కాశిబుగ్గ వీధిలో అందరికీ ఆమె కుడితి అవ్వ. రైలు పట్టాల అవతలి బస్తీ నుంచి రోజూ పొద్దున బకెట్ పట్టుకుని వచ్చేది. ఇంటింటా బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు పోయించుకుని తన ఒక్క బర్రె కోసం తీసుకుపోయేది. చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కునేది. దాని గుండీలు ఎప్పుడూ ఒకటి పైకి ఒకటి కిందికి పెట్టుకుని ఉండేవి. చెబితే, "పెండ్లికి పోతానా బిడ్డా?" అని అలాగే వెళ్లిపోయేది.

ఆమెకు వాసన తెలియదు. మిర్చి యార్డులో ఏళ్ల తరబడి తొడిమలు తీసి తీసి ముక్కు చచ్చిపోయిందట. మా అత్తమ్మ ఎండుమిరపకాయలు వేయిస్తే వీధి వీధంతా దగ్గుతుంది. అవ్వ మాత్రం మా వంటింటి కిటికీ కింద నిలబడి, "ఇయ్యాల ఏం వండుతానవ్ అక్కా?" అని తాపీగా అడిగేది. ఇంకో సంగతి, మనుషుల మొహాలు చూసేది కాదు. తల వంచుకుని మన కాళ్లు చూస్తూ మాట్లాడేది. నాకు ఒకసారి ఒళ్లు మండి, "నా మొహం ఇక్కడుంది అవ్వా" అన్నాను. "మొహం చూస్తె ఏం తెలుస్తది బిడ్డా, నువ్వు నగుతవ్. పొద్దటి నుంచి ఎడమకాలు మీద బరువెయ్యక నిలబడ్డవ్. ఏమైంది?" అంది. అంతకు ముందు రోజే నాకు స్కూల్లో కాలు బెణికింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆమె నా జీవితంలోకి నిజంగా వచ్చింది మా కుక్క మూలంగా.

దాన్ని మేడారం జాతర నుంచి తిరిగి వస్తుంటే ఏటూరునాగారం వైపు అడవి దారిలో చూశాం. ఏదో బండి కొట్టి పోయింది. రోడ్డు పక్కన పడి ఉంది, ముందు ఎవరో పెట్టిన బెల్లం ముక్క చీమలు పట్టి ఉంది. జాతరలో బెల్లాన్ని బంగారం అంటారు కాబట్టి ఆడపిల్లకు బంగారి అని పేరు పెట్టుకుని కార్లో వేసుకొచ్చాను. మా ఆయన రామగుండంలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మాత్రమే ఇంట్లో ఉంటాడు కనుక, ఆయన అభ్యంతరాలు కూడా ఆదివారాలే ఉండేవి. బంగారి బతికింది. కానీ తుంటి ఎముక వంకరగా అతుక్కుంది. పశువుల డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూపించాడు. "దీనికి కడుపైతే పిల్లలు బయటికి వచ్చే దారి లేదు మేడమ్. తల్లి కూడా దక్కదు. ఇప్పుడే ఆపరేషన్ చేద్దామంటే ఒంట్లో రక్తం లేదు. ఈసారి ఎదకు వస్తే కళ్లలో వత్తులేసుకుని కాపాడండి. తర్వాత రెండు నెలలకు నేను చూసుకుంటా" అన్నాడు.

ఏప్రిల్లో ఎదకు వచ్చింది.

ఎదలో ఉన్న కుక్కను ఇంట్లో పెట్టి తలుపు వేస్తే సరిపోదా అంటారేమో. సరిపోయేదే, బంగారి ఇంట్లో ఒంటికి పోసుకునేదయితే. పేపర్లు పరిచాను, ఇసుక తెచ్చి పోశాను, డాబా మీద గడ్డిచాప వేశాను. అది నా మొహం చూస్తూ కూర్చునేది. ఒకసారి పంతానికి ఒకటిన్నర రోజు బయటికి తీసుకెళ్లకుండా చూశాను. కడుపు రాయిలా బిగుసుకుని వణికిపోయింది, నేనే ఓడిపోయాను. కాబట్టి మూడు వారాలు, రోజుకు ఒక్కసారయినా, దాన్ని తాడు కట్టి వీధిలోకి తీసుకెళ్లక తప్పదు.

దానికి తోడు మా అత్తమ్మ. మొదటి రోజు నేల మీద చుక్కలు కనిపించగానే ఆమె పూజగది తలుపు దగ్గరకు వేసింది. "ముట్టయిన కుక్కను దేవుడున్న ఇంట్ల ఎట్ల తిప్పుతవే?" అని దాన్ని ముందు వరండాలోకి మార్పించింది. రోజూ తెల్లవారి వరండా అంతా పసుపు నీళ్లతో కడిగి, ఆ నీళ్లను చీపురుతో గేటు కింది నుంచి వీధిలోకి తోసి, వాకిట్లో ముగ్గు పెట్టేది. కుక్కతోనే వేగలేకుండా ఉన్నాను, అత్తగారితో కూడా గొడవెందుకని ఊరుకున్నాను.

ఎదకు వచ్చిన కుక్క ఇంటి ముందు మగకుక్కలు కొట్లాడుకుంటాయని, వీధి దద్దరిల్లుతుందని అందరూ అంటారు. మా ఇంటి ముందు అలా జరగలేదు. మూడోరోజు పొద్దున పాల ప్యాకెట్ కోసం గేటు తీస్తే ఎదురుగా తొమ్మిది కుక్కలు కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ మొరగలేదు, ఒక్కటీ లేవలేదు. అంతకు అరగంట ముందే అత్తమ్మ పెట్టిన ముగ్గు చుట్టూ పంక్తిలో కూర్చున్నట్టు కూర్చున్నాయి. ముగ్గులో సగం గీతలు లేవు. తొమ్మిది కుక్కల ముక్కులూ పిండి అంటుకుని తెల్లగా ఉన్నాయి. నేను "హుష్" అన్నాను. వాటి చెవులు కూడా కదల్లేదు. అవి చూస్తున్నది నన్ను కాదు, గేటు కింది సందును. వరండాలో బంగారి కూడా తోక పక్కకు తిప్పుకుని అదే సందును చూస్తోంది. పాలు తీసుకోకుండానే గేటు వేసేశాను.

అయినా బయటికి వెళ్లాలి కదా. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో తాడు పట్టుకుని బయల్దేరాను. ఇరవై అడుగులు వేశానో లేదో వెనక గోళ్ల చప్పుడు. తిరిగి చూస్తే ఆగేవి, నడిస్తే వచ్చేవి. మలుపు దగ్గర చెవి చిరిగిన పెద్ద గోధుమరంగు కుక్క ఒక్క ఉరుకులో వచ్చి బంగారి మీద పడబోయింది. గొడుగు విరిగిందే గాని అది బెదరలేదు. బంగారిని చంకనేసుకుని, చున్నీ చింపుకుని, ఒకే పరుగున ఇంట్లో పడ్డాను. అది పోసుకోనూ లేదు.

వరండాలో కూర్చుని రొప్పుతుంటే కుడితి బకెట్ చప్పుడయింది. అవ్వ గేటు బయట నిలబడి ఉంది. కుక్కలు ఆమెకు దారి ఇచ్చి మళ్లీ కూర్చున్నాయి.

"పెండ్లికొడుకులు దిగిండ్రు" అంది అవ్వ.

ఆమె ఎప్పటిలా మా కాళ్లు చూడలేదు. కుక్కల కాళ్లు చూసింది, తర్వాత గేటు కింది నుంచి వీధిలోకి పోయిన పచ్చటి తడి చార చూసింది. ఆ చార వెంబడే నడిచి, వీధి మధ్యదాకా పోయి, తిరిగి వచ్చింది.

"ఈ నీళ్లు ఎవరు తోసిండ్రు?"

"నేనే. శుద్ధి చేసిన" అంది మా అత్తమ్మ కాస్త గర్వంగానే.

అవ్వ చప్పుడు లేకుండా నవ్వింది. "శుద్ధి కాదక్కా, శుభలేఖలు పంచినవ్. పసుపు పెట్టి మరీ పంచినవ్."

అత్తమ్మ మొహం ఎర్రబడింది. వారం రోజుల వరకు ఆ మాట నేను గుర్తు చేసుకుని నవ్వుకుంటూనే ఉన్నాను. కానీ మా అత్తమ్మను కూడా మెచ్చుకోవాలి. ఆ సాయంత్రమే పూజగదికి తన పాత పట్టుచీర పరదాగా కట్టి, బంగారిని తనే వెనక గదిలోకి తీసుకుపోయింది. "దేవుడు కండ్లు మూసుకుంటడు తియ్" అంది నా వైపు చూడకుండా.

మర్నాటి నుంచి అవ్వ మాకు పని చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఒంటిపూట బడి, పదకొండున్నరకు ఇల్లు చేరతాను. సరిగ్గా మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తి మీదున్నప్పుడే బయటికి తీయాలంది. ఆ వేళకు కుక్కలు మోరీల్లో, బండ్ల కింద పడుకుంటాయి. బంగారిని గేటు దగ్గర నేల మీద దింపొద్దు, మలుపుదాకా ఎత్తుకోవాలి. పోయిన దారిన రావొద్దు. ఉరకొద్దు, అరవొద్దు, రాయి తీయొద్దు. "ఎర్రగ ఉన్నన్ని రోజులు ఫికర్ లేదు బిడ్డా, అదే మీద పడనియ్యది. రక్తం నీళ్ల లెక్క అయినంక దానికీ మనసైతది. అప్పుడు జర పానం గట్టిగ పట్టుకో" అంది. బంగారి కింద పరిచిన పాత గుడ్డలు మాత్రం ఉతకొద్దని, తనకిమ్మని అడిగింది.

"ఏం చేస్తావవ్వా వాటిని?"

"పారేస్త. నాకేమన్న వాసనొస్తదా?"

మధ్యాహ్నాలు నేను ముందు, మధ్యలో బంగారి, వెనక అవ్వ. అవ్వ మా వైపు వీపు పెట్టి, అంత ఎండలోనూ లేచి వచ్చే కుక్కల వైపు మొహం పెట్టి, వెనక్కి వెనక్కి నడిచేది. "వీపు చూపిస్తె ఉరికొస్తయ్. మొహం చూపిస్తె ఆలోచిస్తయ్" అని ఒక్కసారి చెప్పింది. నడిచేటప్పుడు మాట్లాడేది కాదు. ఆగమన్నప్పుడు "ఆగు", నడవమన్నప్పుడు "నడు", అంతే. నన్ను వెనక్కి చూడొద్దంది. ఆ నిర్మానుష్యమైన ఎండలో, తలుపులన్నీ వేసి ఉన్న వీధుల్లో, నాకు వినిపించేది ఒక్కటే. తారు మీద గోళ్ల చప్పుడు, చాలా గోళ్లు. అవ్వ వట్టికాళ్ల చప్పుడు మాత్రం వినిపించేది కాదు. ఒక్కోసారి ఆమె ఉందో లేదోనన్న అనుమానంతో నాకు మెడ వెనక జిలపెట్టేది.

ఒకరోజు ఉండబట్టలేక చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. అవ్వ వెనక్కి నడుస్తోంది, కుక్కలు ముందుకు నడుస్తున్నాయి. మధ్య దూరం మూరెడు తగ్గలేదు, మూరెడు పెరగలేదు. ఆమె అడుగు ఆపితే అవన్నీ ఒక్కసారే ఆగాయి. ఆమె కాలెత్తితే అవీ ఎత్తాయి. ఒక్కదాని నోరూ తెరుచుకుని లేదు, ఆ ఎండలో నాలుకలు బయటపెట్టకుండా నడిచే కుక్కల్ని నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో నాకు అర్థం కాలేదు.

"ఇదంతా ఎక్కడ నేర్చావవ్వా?" అని ఆ రోజు ఇంటికొచ్చాక అడిగాను.

బకెట్‌లో కుడితిని కర్రతో కలిపింది. "నాకూ ఒక ఆడకుక్క ఉండె. గిట్లనే ఎదకొచ్చినప్పుడు, ఇంటి ముందల గుంజకు కట్టేసి యార్డుకు పోయిన. సీజనాయె, పోకపోతె ఎట్ల? పొద్దుమీకి వచ్చిన. తాడున్నది."

"కుక్క?"

"తాడున్నది బిడ్డా" అని బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ తాడు ఎలా ఉందో, దాని చివర ఏముందో అడిగే ధైర్యం నాకు అప్పుడూ లేదు, తర్వాతా రాలేదు.

పదోరోజుకు రక్తం పలచబడింది. బంగారి మనిషి మారిపోయింది. అదే వెనక్కి తిరిగి చూడ్డం, అదే ఆగిపోవడం, తాడు లాగితే కూలబడడం. నేను ఏడుపుమొహంతో, "చచ్చిపోతావే పిచ్చిదానా" అని దానికి చెబుతుండేదాన్ని. ఎక్స్‌రేలో చూసిన ఆ ఇరుకు సందు నాకు కలలో కూడా వచ్చేది. స్కూల్లో లెక్కలు చెబుతూ చెబుతూ బోర్డు మీద చెయ్యి ఆగిపోయేది.

ఆ రోజు రైలు పట్టాల పక్క పాత గోదాము గోడ వెంట వెళ్తున్నాం. ఒక పక్క గోడ, ఒక పక్క ముళ్లతుప్పలు, దారి ఒక్కటే. ఎదురుగా చెవి చిరిగిన కుక్క నిలబడి ఉంది. ఎప్పుడూ వెనక ఉండేది ఆ రోజు ముందుకొచ్చింది. దాని పక్కన ఇంకొకటి, తుప్పల్లోంచి ఇంకో రెండు. వెనక ఉన్నవి ఎలాగూ ఉన్నాయి. బంగారి నా కాళ్ల దగ్గర ఆగి తోక పక్కకు తిప్పింది. దాన్ని ఎత్తుకున్నాను. నేను దాన్ని ఎంతసేపు మోయగలనో కుక్కలకు తెలిసినట్టే ఉంది.

"అవ్వా" అన్నాను.

అవ్వ నన్ను దాటి ముందుకొచ్చింది. బకెట్ పక్కన పెట్టింది. ఆ దారి మధ్యలో, కాలే మట్టిలో, బాసిపట్టు వేసుకుని కూర్చుంది. చొక్కా కింది గుండీలు రెండు విప్పింది.

చెవి చిరిగినది వచ్చింది. అవ్వ కాళ్ల దగ్గర వాసన చూసింది. తర్వాత ముక్కు ఆమె నడుం దగ్గర పెట్టి కదలకుండా నిలబడింది. దాని వెనక రెండోది, మూడోది. నా పక్క నుంచే, నా బట్టలకు రాసుకుంటూ, వెనకవి కూడా ఒక్కొక్కటే వెళ్లాయి. నా చేతుల్లో ఎదలో ఉన్న కుక్క ఉంది, ఒక్కటీ తలెత్తి చూడలేదు. అన్నీ ఆమె చుట్టూ మూగాయి. అవ్వ తెల్లజుట్టు తప్ప నాకేమీ కనిపించలేదు.

"పో బిడ్డా" అంది ఆమె గొంతు, ఆ మధ్యలోంచి, కుడితి పోయమని అడిగినంత మామూలుగా. "ఉరకకు. పో."

నేను పోయాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గాని, ఒక ముసలిదాన్ని అన్ని కుక్కల మధ్య వదిలి పోయాను. నాకప్పుడు చేతుల్లో ఉన్న ప్రాణం ఒక్కటే కనిపించింది. రెండు గంటలు గేటు దగ్గరే నిలబడ్డాను. అవ్వ ఖాళీ బకెట్‌తో వచ్చింది. చొక్కా అంతా తడిగా ఉంది, వాటి చొంగ. ఒక్క గాటు కూడా లేదు. "మీ అత్త ఏమన్న పోస్తదా?" అని అడిగింది.

అప్పటి నుంచి మా గేటు ముందు కుక్కలు తగ్గుతూ వచ్చాయి. పదమూడోరోజుకు ఒక్కటే మిగిలింది, అదీ ముసలిది. పసుపు నీళ్లు ఆపినందుకేనని అత్తమ్మ, ఎండవేళ తిప్పుతున్నందుకేనని నేను అనుకున్నాం. అవ్వ కళ్లు మాత్రం గుంటలు పడ్డాయి. చేతుల మీద గీతలు, చొక్కా ఒక చెయ్యి చిరిగి వేలాడుతోంది. అత్తమ్మ గంజి పోస్తుంటే నిలబడే కునికింది.

"ఏందవ్వా, నిద్ర లేదా?" అన్నాను.

"బర్రె ఈనేటట్టున్నది బిడ్డా. రాత్రంత దాని కాడ్నే."

నేను ఆ రోజు గుడ్డ కూడా ఆమెకిచ్చాను. ఆమె మడిచి పట్టుకుని వెళ్లింది.

మర్నాడు కుడితి కోసం రాలేదు. పన్నెండు గంటలకూ రాలేదు. ఒంటిగంటకు ఇస్త్రీ ఆయన చెప్పాడు, తెల్లవారి చాయ్ తాగి గోడకు ఒరిగిందట, అలాగే పోయిందట.

రైలు పట్టాలు దాటి బస్తీకి పోయాను. ఇల్లెక్కడని ఎవర్నీ అడగాల్సిన పని లేకుండా పోయింది. సందు మొదటి నుంచే కుక్కలు. మా గేటు ముందు కనిపించకుండా పోయినవన్నీ అక్కడున్నాయి, నేనెప్పుడూ చూడనివి కూడా ఉన్నాయి. అవ్వను రేకుల ఇంటి ముందు పడుకోబెట్టారు. కొత్తచీర, మొహం నిండా పసుపు. చుట్టూ ఆడవాళ్లు, వాళ్ల వెనక కుక్కలు కూర్చుని ఉన్నాయి. డప్పులు చెవులు పగిలేలా మోగుతున్నాయి. కుక్కలన్నాక డప్పుకు పారిపోవాలి. ఒక్కటీ కదల్లేదు.

"మనుషులకు లేని విశ్వాసం చూడు. ముసల్దానికి ఏడ్సుడానికొచ్చినయ్" అంది ఒకామె కళ్లు తుడుచుకుంటూ. పక్కవాళ్లు దండం పెట్టారు. కొందరు ఫోన్లలో తీసుకుంటున్నారు.

నేను ఆ చెవి చిరిగినదాన్ని చూశాను. అది అవ్వ మొహం చూడ్డం లేదు. గోదాము గోడ దగ్గరలాగే, ఆమె నడుం వైపు చూస్తోంది. అన్నీ అక్కడికే చూస్తున్నాయి. ఇన్ని రోజులు నేనిచ్చిన గుడ్డలు ఏమయ్యాయో, మా గేటు ముందు కుక్కలు ఎందుకు తగ్గాయో, ఆమె రాత్రుళ్లు ఎవరి కాడ కూర్చుందో నాకు అక్కడ, ఆ డప్పుల మధ్య, ఒక్కసారిగా తెలిసింది. పక్కింటి అరుగు మీద కూర్చుండిపోయాను.

పాడె లేపారు. కుక్కలు లేచాయి. పాడె వెనక ఆడవాళ్లు ఆగిపోయిన చోట కూడా అవి ఆగలేదు. మగవాళ్లతో పాటు, ఎవర్నీ తగలకుండా, తలలు వంచుకుని, బొందలు తవ్వే చోటికి నడిచిపోయాయి.

నేను చెయ్యాల్సింది అవ్వ కూతురి దగ్గరికి పోయి ఒక మాట చెప్పడం. చెయ్యలేదు. నాకు తోచింది ఒక్కటే. ఇప్పుడు మా వీధిలో ఒక్క కుక్క లేదు, బంగారి నిన్నటి నుంచి బిగబట్టుకుని ఉంది. ఇంటికి ఉరికాను. బంగారిని తాడు కట్టి బయటికి తెచ్చాను. నిజంగానే ఎక్కడా ఒక్కటి లేదు. రెండు వారాల్లో మొదటిసారి అది తొందర లేకుండా ప్రతి స్తంభం వాసన చూసింది, నిదానంగా పోసుకుంది, ఎండలో నిలబడి ఒళ్లు విరుచుకుంది. దూరంగా డప్పులు వినిపిస్తూనే ఉన్నాయి. నేను తాడు పట్టుకుని వీధి మధ్యలో ఏడుస్తూ నిలబడ్డాను.

మిగిలిన రోజులు కూడా అలాగే గడిచాయి. మా వీధికి కుక్కలు తిరిగొచ్చేసరికి బంగారి ఎద దిగిపోయింది. రెండు నెలలకు డాక్టరు చెప్పినట్టే ఆపరేషన్ చేశాడు. ఇప్పుడు బొద్దుగా తయారై, పూజగది ముందే పడుకుంటుంది. అత్తమ్మ దాన్ని దాటుకుంటూ పోయి దీపం పెడుతుంది.

పదకొండో రోజున అవ్వ ఇంటికి పోయాను. చేతిలో ఏం పట్టుకుపోవాలో తెలియక కుడితి బకెట్ పట్టుకుపోయాను. అవ్వ కూతురు ఇంటి వెనక బర్రెకు గడ్డి వేస్తోంది. ఆమె కూడా యార్డులో తొడిమలు తీస్తుంది, నలభై ఏళ్లుంటాయేమో. నేనెవరో చెప్పాను. తలూపి బకెట్ అందుకుంది.

"బర్రె ఈనిందా?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

"ఇదా? ఇది ఒట్టిపోయి ఏడాదాయె. దీనికిప్పుడు కడుపెక్కడిది అక్కా?"

ఆమె కుడితి తొట్టిలో పోస్తూ తనే చెప్పింది. "కుక్కలు నాలుగు రోజులు బొంద కాడ్నే కూసున్నయ్. రేగుకంప కప్పినం గని, కంప ఎంత, అవెన్ని? నేను పొద్దుమాపు పోయి చూసిన. తవ్వలే. గోరు గూడ పెట్టలే. చుట్టూత కూసున్నయ్, అంతే. ఐదోరోజు పోతే ఒక్కటి లేదు."

ఇక ఆగలేకపోయాను. గుడ్డల సంగతి, పసుపు నీళ్ల సంగతి, గోదాము గోడ సంగతి, అన్నీ చెప్పాను. "అవి మీ అమ్మ కోసం రాలేదు. మా కుక్క వాసన కోసం వచ్చాయి. ఆమె వాటిని మీ ఇంటికి తెచ్చుకుంది, నిద్ర లేక పోయింది, అంతా మా మూలంగానే. ఆమె ఒంటి మీద మా గుడ్డ ఉందేమో, ఎవరూ చూసుకోలేదేమో" అన్నాను. చెబుతుంటే నాకే నా మాటలు పిచ్చిగా వినిపించాయి.

ఆమె ఆశ్చర్యపోలేదు. బర్రె మూతి తుడిచి, చెయ్యి కొంగుకు రుద్దుకుంది.

"స్నానం పోసింది నేనే కదా అక్కా. చూసిన. నడుముకు కట్టుకొని ఉన్నది. తీసేద్దామని ముడి మీద చెయ్యేసిన." కాసేపు నా కాళ్ల వైపు చూసింది. "ఆ పొద్దుగాల చాయ్ తాగుకుంట, 'ఇంక నాలుగు రోజులే బిడ్డా, అటెన్క పండుకుంట' అన్నది. ఒప్పుకున్న పని నడుమ ఇడిచిపెట్టే మనిషి కాదు మా అమ్మ. అందుకే తీయలే. కొత్తచీర కట్టే ముందల ఆ ముడి మీద ఇంకో ముడేసిన."